ఒక అక్షరం ఎక్కువైన రాజీనామా

ఎనిమిది మందిని పనిలోంచి తీసేసిన రోజున, ఆ ఎనిమిది రాజీనామాలూ ఆవిడ చేతే కంపోజు చేయించారు. ఎనిమిదోది ఆవిడదే. మార్జిన్లు సరిచూసి, పేర్లు మార్చి, ప్రింటు తీసి ఇచ్చింది.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని అదే, కంపోజు చేయడం, ప్రూఫు దిద్దడం. ఎక్కడ దీర్ఘం ఎగిరిపోయినా పట్టేస్తుందని అందరూ దీర్ఘాలక్క అనేవాళ్లు. భర్త పోయాక అత్తగారూ ఆవిడా ఆ జీతం మీదే బతుకుతున్నారు.

ఆవిడ చేతిమీదుగా తొమ్మిదిసార్లు అచ్చయిన పుస్తకం ఒకటుంది. కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకి అర్థశాస్త్రం. రాసిన మాస్టారు ప్రూఫుల కోసం వచ్చి, స్టూలు లాక్కుని ఆవిడ పక్కనే కూర్చునేవారు. మొదటి ముద్రణలో ఆవిడ ఒకే ఒక్క తప్పు చేసింది. నిరుద్యోగం రెండు రకాలని ఆయన రాశారు, స్వచ్ఛందం, అస్వచ్ఛందం అని. రెండోదాంట్లో ‘అ’ ఎగిరిపోయింది.

“ఒక్క అక్షరంతో, పని దొరకనివాళ్లందర్నీ పని వద్దన్నవాళ్లని చేసేశావు కదమ్మా!” అన్నారు మాస్టారు.

“అయినా మాస్టారూ, ఎవరికి ఇష్టమో ఎవరికి కాదో మీకెలా తెలుస్తుందండీ? అడుగుతారా?”

“అడగం. మనిషి నోటితో సవాలక్ష అంటాడు. ఏం చేశాడో చూస్తాం. రెండు దారులుండి ఒకటి పట్టాడంటే, అదే వాడికిష్టం అనుకుంటాం.”

“రెండో దారిలో గొయ్యి ఉంటేనో?”

“గొయ్యి కూడా లెక్కేసుకునే పట్టాడనుకుంటాం.”

“చాలా అనుకుంటారండీ మీరు.”

ఆయన పడీపడీ నవ్వారు. తర్వాతి ముద్రణలో గొయ్యి కోసం ఒక పేరా కలిపారు. మనిషి ఏది ఎంచుకున్నాడో చూస్తే చాలదు, ఎంచుకోడానికి అతని ముందు ఏమేం ఉన్నాయో కూడా చూడాలని. దాన్నీ ఆవిడే కంపోజు చేసింది. పరీక్షలో రాదని పిల్లలు ఆ పేరా వదిలేస్తారట.

ఈ ఏడు, కంపోజింగు బయట చేయించుకుంటే చవకని యాజమాన్యం తేల్చింది. మేనేజరు చేత్తో రాసిన కాగితం తెచ్చి ఆవిడ కీబోర్డు మీద పెట్టాడు. ‘సొంత కారణాల వల్ల స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటున్నాను.’

“సంతకాలు పెడితే ఈ నెల జీతం ఈరోజే ఇచ్చేస్తాం. లేదంటే ఎప్పటికొస్తుందో నేను చెప్పలేనమ్మా. మీ ఇష్టం.”

“మా ఇష్టమాండీ?”

“మీ ఇష్టమే మరి. బలవంతం ఏముంది?”

ఆవిడకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వేళ్లు వాటి దారిన అవి పోయాయి. ఒక్కచోట ఆగి, ‘స్వచ్ఛందంగా’ ముందు ‘అ’ చేర్చింది. ఫైలు ఒకటే కాబట్టి ఎనిమిదింట్లోనూ అదే పడింది. ఎనిమిది మందీ సంతకాలు చేశారు. మేనేజరు చదవకుండానే ముద్ర కొట్టి, తలా ఒక కాపీ ఇచ్చాడు. చదివే మనిషినే కదా తీసేస్తున్నది.

మర్నాడు పొద్దున అత్తగారు అడిగింది. “ఏమే, ఇంకా బయల్దేరలేదు? సెలవా?”

“మానేశానట అత్తయ్యా.”

“మానేశానట ఏమిటే, ఎవరి సంగతో చెప్పినట్టు!”

ఆవిడ తోమిన గిన్నే మళ్లీ తోమింది.

తీసేసినవాళ్లకు పరిహారం వస్తుంది. మానుకున్నవాళ్లకు రాదు. ఆవిడ ఆ కాగితం పట్టుకుని కార్మిక కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా చదివి, ఎర్ర పెన్ను తీశాడు.

“ఇక్కడ అచ్చుతప్పు పడిందమ్మా. అస్వచ్ఛందంగా అని రాజీనామాలో ఎవరైనా రాస్తారా?”

“రాయరండి. అందుకే రాశాను.”

“ప్రూఫు చూసుకోవాలి గదమ్మా,” అంటూ ‘అ’ కొట్టేశాడు.

ఆవిడ ఆ గీతనే చూస్తూ నిలబడింది. ప్రూఫుల్లో తనూ అలాగే కొడుతుంది.

లోపలి గదిలో అధికారి కాస్త నయం. “ఒత్తిడి పెట్టారని చూసినవాళ్లెవరైనా రాసిస్తే మళ్లీ విచారిస్తాం. మీ ఎనిమిది మందీ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటే కుదరదు. పదిహేను రోజులు గడువు,” అన్నాడు.

చూసినవాడు ఒక్కడున్నాడు, బైండింగు చేసే పెద్దాయన. ప్రెస్సు గేటు దగ్గర ఆవిడ ఆయన్ని ఆపింది.

“బాబాయ్, ఆరోజు నువ్వక్కడే ఉన్నావుగా?”

“ఉన్నానమ్మడూ. కట్టలు మోస్తూ అంతా విన్నాను. ఆ ముక్క రాసిచ్చాననుకో, మర్నాడే నేనూ స్వచ్ఛందంగా మానేస్తాను.”

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆయన ముందూ రెండే దారులు, ఒకదాంట్లో గొయ్యి. గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆవిడ రోజూ గేటు దాకా వెళ్లి వస్తోంది.

మీరు పనిచేసే చోట రేపు ఎవరి ముందైనా ‘స్వచ్ఛందంగా’ అన్న మాటున్న కాగితం పెడితే, మీ కుర్చీ వాళ్ల పక్కకి లాక్కోండి. ఎవరు ఏమన్నారో తేదీ వేసి రాయండి. కింద మీ ఒక్కరి సంతకంతో ఊరుకోకండి, ఆ గదిలో ఉన్న అందరిచేతా పెట్టించండి. బైండరు ఒక్కడే పెడితే ఆయన్ని పంపించేస్తారు. గది గదంతటినీ స్వచ్ఛందంగా మానిపించడం అంత తేలిక కాదు.