ఇరవై నాలుగు బొట్లు

ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే మా స్టూడియో బోర్డంటేనే ఎక్కువ భయం. దేవుడైతే మనం తప్పు చేసినా కొంత గడువిస్తాడు, బోర్డు మాత్రం అక్కడికక్కడే స్పీకర్లో చెప్పేస్తుంది. సైదాబాద్‌లో ఒక పాల కేంద్రం మీద ఉండేది ఆ స్టూడియో. బోర్డంటే మిక్సింగ్ కన్సోల్. మంచమంత ఉండేది. పాడేవాడి గొంతు, డప్పు, కీబోర్డు ఒక్కోటీ ఒక్కో దారిన వచ్చి అందులో కలుస్తాయి. దారులు ఇరవై నాలుగు. ఒక్కోదానికీ పైకీ కిందికీ జరిపే మీట ఒకటి ఉంటుంది, దాన్నే ఫేడర్ అంటారు. అందరూ కంప్యూటర్లోనే పని కానిచ్చేస్తున్నా, మా ఓనరు (లోకమంతటికీ కాకా) ఆ పాత బోర్డును వదల్లేదు. "కంప్యూటర్ల సౌండు ప్యాకెట్ పాలు బిడ్డా, ఇది బర్రె పాలు" అనేవాడు. నేను చేరి అప్పటికి రెండు నెలలు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే మా బాపు నాకిచ్చిన గడువు మూడు నెలలు. "గప్పటిదాంక నిలబడితె నీ ఇష్టం. లేకుంటె సప్పుడు జేయక దుకాణంల కూసోవాలె" అని ముందే చెప్పాడు. గాజులంటే నాకిష్టమే కానీ, రోజంతా "ఇంకో రంగు చూపియ్యి" అనేవాళ్ళ ముందు కూర్చోవాలంటే గుండె జారిపోయేది.

ఆయుధ పూజ నాడు కాకా బయటికెళ్తూ "బోర్డుకు మంచిగ పూజ చెయ్యి బిడ్డా, మనకు బువ్వ పెట్టేది గదే" అన్నాడు. మంచిగ అన్నాడు కదా! (నాతో వచ్చిన చిక్కే అది. ఎవరైనా మంచిగ చెయ్యమంటే నేను మరీ మంచిగ చేస్తాను.) మామూలుగానైతే బోర్డు చెక్కకు ఒక్క బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారట. నేను ఒక్కో ఫేడరుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అలుగుతుందేమోనని ఇరవై నాలుగూ పూర్తి చేసి, మిగిలిన కుంకుమ పైనుంచి చల్లాను. ఫేడర్ జరగడానికి దాని కింద సన్నటి చీలిక ఉంటుందనీ, కుంకుమ దిగడానికి ఆ చీలిక చాలనీ నాకు తోచలేదు.

పండగ మర్నాడు పొద్దున నేను పైన కనబడే పసుపూ కుంకుమా గుడ్డతో తుడిచేశాక, కార్వాన్ నుంచి పహిల్వాన్ వచ్చాడు. పెద్ద పాల వ్యాపారి. దీపావళి దాటాక సదర్ పండగలో ఊరేగించబోయే తన దున్నపోతు మీద పాట కావాలట. దున్నపోతు పేరు మోతీ. ఆయన లోపలికి రాగానే గదిలో గాలి తగ్గినట్టనిపించింది. "పొద్దూకెదాంక పాట కావాలె కాకా. మా మోతీ పేరొస్తె గల్లీ మొత్తం దద్దరిల్లాలె. సౌండ్ల తేడా వస్తె మంచిగుండది, ముందే చెప్తున్న" అని కుర్చీలో కూలబడ్డాడు. పాటగాడు గొంతెత్తాడు. "మోతీ" అన్నచోట కాకా ఫేడర్ పైకి జరిపాడు. స్పీకర్లో కరకరమంది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ కరకర.

"ఏందిది? మా మోతీ పాపడ్ తింటున్నదా?" అన్నాడు పహిల్వాన్.

నాకు ఆ మొదటి చప్పుడుకే సంగతి అర్థమైపోయింది. "కాకా, నేను..." అని నోరు తెరిచాను. పహిల్వాన్ నా వైపు చూశాడు. మూసేశాను. కాకా పాపం వైర్లు పీకాడు, మళ్ళీ పెట్టాడు, మైకు మార్చాడు, ఎలుకలు గిట్ల దూరినయేమోనని బోర్డు కిందికి తల పెట్టి చూశాడు. చివరికి కరెంటు సంగతి చూసొస్తానని మెట్లు దిగాడు. అప్పుడే నా దిక్కుమాలిన బుర్రకు బోర్డు పక్కనుండే కంప్రెసర్ పెట్టె తట్టింది. దాని గురించి నాకు తెలిసిందల్లా ఒకటే, అది శబ్దాన్ని అణుస్తుందని. అయితే కరకరను మాత్రం అణచదా? బటన్లన్నీ చివరిదాకా తిప్పేశాను. నిజానికి అది అణిచేది పెద్ద శబ్దాన్ని. దాన్ని అణిచి మొత్తాన్నీ పైకి లేపితే, మూల నక్కి ఉన్న చిన్న చప్పుళ్ళన్నీ ముందుకొస్తాయి. ఈ రెండో ముక్క నాకెవరూ చెప్పలేదు (చెప్పే ఉంటారు, నేను భయంతో తలూపి ఉంటాను). కాకా తిరిగొచ్చి పాట పెట్టాడు. అమ్మో! పాటగాడి గొంతు వెనక్కి పోయింది, ఆయన మింగిన గుటక వినపడింది, కరకర అయితే చెవుల్లోనే కూర్చుంది. పహిల్వాన్ లేచి నిలబడ్డాడు.

"నా పోతుతోని మజాక్ చేస్తున్రా?"

కాకా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఒక్కో స్క్రూ ఊడుతుంటే నా ఉద్యోగం ఊడుతున్నట్టే ఉంది. గాజుల దుకాణంలో నా పీట కళ్ళముందు ఆడింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఊహూ, పహిల్వాన్ ఇంకా నిలబడే ఉన్నాడు. పై రేకు లేచింది. లోపలంతా ఎర్రగా ఉంది. పహిల్వాన్ వంగి చూశాడు, ఊపిరి పీల్చాడు, ఆ తర్వాత, నమ్మండి, చెప్పులు విడిచాడు! "అరే, తల్లి లోపట్నే కూసున్నది" అంటూ కుంకుమ అద్ది నుదుట పెట్టుకుని, మోతీకి పెడతానని ఇంకొంత కాగితంలో పొట్లం కట్టించుకున్నాడు. "గా సప్పుడు తియ్యకు కాకా. తల్లి పలికిన సప్పుడది. గట్లనే ఉండనియ్యి" అని కరకరతో సహా పాట పట్టుకుని ఖుషీగా వెళ్ళిపోయాడు.

గదిలో నేనూ కాకా మిగిలాం.

"ఎన్ని బొట్లు వెట్టినవ్?"

"ఇరవై నాలుగు."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"మొదటి సప్పుడుకే, కాకా."

ఆయన అప్పుడు చూశాడు నా వైపు. "బొట్లు వెట్టినందుకు నేనేమన బిడ్డా. మూడు గంటలు గాయన ముంగట నన్ను పిచ్చోన్ని చేసి నిలవెట్టినవ్ సూడు..." అని ఆపేసి, నా చేతిలో చిన్న బ్రష్ పెట్టి టీకి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఏడ్చేసి తేలికపడేదాన్ని. నాలుగు రోజులు ఒక్కో ఫేడరూ విప్పి తుడిచాను. పని పోలేదు. కానీ ఆ నాలుగు రోజులూ కాకా కళ్ళలోకి చూడలేకపోయాను. (మరుసటేడు ఇద్దరు పోతుల యజమానులు "తల్లి సప్పుడు" కావాలని వెతుక్కుంటూ వచ్చారు, అది వేరే బాధ.)

ఇప్పుడు నాదంటూ ఒక చిన్న స్టూడియో ఉంది. పనిలో తప్పు జరిగితే ముందే చెప్పేస్తాను. "ఎంత ధైర్యమండీ మీకు" అంటారు కొందరు. ధైర్యమా, నా మొహమా! నోరు మూసుకుని మూడు గంటలు నిలబడడం ఎంత నరకమో తెలుసు, అంతే. బోర్డు పక్కన నిలబడ్డ అప్పటి నేను, ఆ పిల్ల, ఎప్పుడైనా ఎదురైతే భుజం మీద చెయ్యేసి "చెప్పెయ్యవే పిచ్చిదానా" అనాలనిపిస్తుంది. అయినా చెప్పదు, నాకు తెలుసు. ముందు పహిల్వాన్‌ను బయటికి పంపించమంటుంది.