ఉప్పు బండి ముందద్దం

ఈ పొద్దున దంతెవాడ దగ్గరి మా గీదంలో మొదటి వాన పడింది. టీ కూడా తాగకుండా వాకిట్లో ఉన్న మా పాత వ్యాను ఎక్కి, ముందద్దం కింది అంచు వెంబడి వేలు రాసుకుంటూ పోయాను. దుమ్ము అంటింది గాని తడి అంటలేదు. పక్కింటావిడ చూసి నవ్వింది. నవ్వనీ. తడి అంటిన కాలం ఎలాంటిదో ఆమెకేం తెలుసు?

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ వ్యాను, దాంట్లో ఉప్పు వ్యాపారం. రోజుకో ఊరి సంత. మా మరిది బండి నడిపేవాడు, నేను ఉప్పు, ఎండుచేపలు అమ్మేదాన్ని. ఆ ఏడు వానలు మొదలవగానే ముందద్దం కింది నుంచి నీళ్లు కారి, కాళ్ల కింది పట్టా తడిపి, వెనక బస్తాల్లోకి పోయేవి. సంతకు చేరేసరికి ఉప్పు సగం బస్తాలో, సగం నా చీర కుచ్చిళ్లలో. మెకానిక్ రెండుసార్లు కింది అంచుకు నల్ల పేస్టు పూశాడు. మూడోసారి పూయడానికి చోటే లేదు. మరిదికి విసుగెత్తింది. "అన్న పోయిన కాడినుంచి ఈ గాడీకి దిష్టి తగిలింది వదినా. పాత ఇనుము కొనే కబాడీ ఆయనకు చెప్పిన, బేస్తారం వచ్చి తీస్కపోతడు" అన్నాడు, గురువారానికి గడువు పెట్టినట్టు. "మరి ఉప్పు బస్తాలు ఎవరి నెత్తిన పెట్టాలె, నీ నెత్తినా?" అన్నాను. బండి పోతే నా సంతలు పోతాయి. ఆ తర్వాత మరిది ఇంటి పొయ్యి దగ్గర అడిగి తినడమే. ఆ మాట ఇద్దరికీ తెలుసు. "బేస్తారం దాకా ఆగు. అప్పుడు ఒక్క చుక్క పడినా అమ్ముకో" అన్నాను.

మా నాయన గొల్లపల్లి వైపు మనిషి, శబరి ఏటి మీద దోనె నడిపేవాడు. దోనె కారితే నీళ్లు కనబడిన చోట ఆయన చెయ్యి పెట్టేవాడు కాదు, అవి ఎటునుంచి వచ్చాయో వెతికేవాడు. నేనూ అదే చేశాను. చేపలు కట్టిచ్చే పాత పేపరు చీల్చి, లోపల అద్దం చుట్టూ రబ్బరు సందులో ముక్కలు దోపాను. బయట చెంబుతో ముందు కింద పోశాను. పేపరు పొడి. పక్కల పోశాను. పొడి. పైన పోయగానే డ్రైవరు వైపు మూల ముక్క తడిసి వేలాడింది. దగ్గరికి వెళ్లి చూద్దును గదా, సరిగ్గా అక్కడే రబ్బరు కిందికి ఒక ఇనుప తీగ దూరి ఉంది. దానికి మరిది శనివారం శనివారం మార్చే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు!

"మరిదీ, దిష్టి దొరికింది. దించు."

"అదెట్ల తీస్త వదినా, గాడీకి రక్ష కద!"

"నీ రక్షే నా ఉప్పంతా తాగింది."

మూతి ముడుచుకుని తీగ లాగాడు. కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడింది. గరుకు కాగితంతో రుద్దాను. సంతలో ఆడవాళ్లు ఉప్పుకు మారుగా ఇచ్చిన గుగ్గిలం ఇంట్లో ఉంటే నూనెలో కరిగించి, నాయన దోనె పగుళ్లకు పెట్టినట్టే, వేడి తగ్గకముందే పుల్లతో కూరి రబ్బరు సర్దాను. అటుగా వచ్చిన మెకానిక్ పొగ వాసన పీల్చి "పూజ చేస్తున్నవా అమ్మా?" అన్నాడు. "కాదు బిడ్డా, నీ పని చేస్తున్న" అన్నాను.

బేస్తారం కబాడీ ఆయన రానే వచ్చాడు. నేను బండిలో కూర్చుని అద్దం కింద పేపరు పరిచి ఉప్పు పోసుకున్నాను. మరిది బయటినుంచి బిందెలు కుమ్మరించాడు. మొదట మొహమాటంగా, తర్వాత కసిగా. వాడకట్టంతా చేరింది. చివరికి మరిదే తలుపు తీసి పిడికెడు ఉప్పు నలిపి చూశాడు. పొడిపొడిగా రాలింది.

"ఇంకో బిందె పొయ్యి" అన్నాను.

"బోరింగు ఎండిపోతది వదినా, ఇగ నన్ను ఇడిచిపెట్టు!"

కబాడీ ఆయన బండి లేకుండా, రెండు కిలోల ఉప్పుతో వెళ్లిపోయాడు.

మర్నాటి సంతకు మరిది ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ నా చోటు వెనక బస్తాల మీదే. దంతెవాడ దారిలో వాన మీద పడింది, మేమిద్దరం పొడిగా ముందుకు పోతూనే ఉన్నాం. మొగుడు పోయిన రోజే ఆగిపోయిందనుకున్న కాలం, ఆ సీటులోంచి చూస్తే, రోడ్డంత పొడుగున ఇంకా ముందే ఉంది.