ఏవాల్డ్ నాలుక తడి

ఏవాల్డ్ ప్రిగ్గే తపాలా బిళ్ళను నాలుకతో తడపడు. వేజర్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణం చరిత్ర ఎవరైనా రాస్తే, వరదల తర్వాత చోటు దక్కవలసింది ఈ సంగతికే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాళ్ల నాన్న గుమాస్తాగా ఉండి, రోజంతా నాయకుడి బొమ్మ ఉన్న బిళ్ళల వెనక నాకి నాకి ఉత్తరాలకు అంటించేవాడట. అది విన్న రోజే, ఏలినవారి వీపుకు తన నాలుక తగలనివ్వనని ఏవాల్డ్ శపథం పట్టాడు. గడియారాలు బాగుచేసే బల్ల మీద చిన్న గిన్నెలో తడి స్పాంజి పెట్టుకున్నాడు. మినహాయింపు ఒక్కరికే: యుద్ధం వద్దని రాసి జైలుపాలైన ఒక రచయితకు. ఆయన బొమ్మతో బిళ్ళ వస్తే మాత్రం నాలుకే.

ఆ రచయిత పుస్తకం చదివే ఏవాల్డూ, అతని స్నేహితుడు హాయో ఇద్దరూ కుర్రతనంలో పటాలంలో చేరేది లేదన్నారు. అలాంటివాళ్లను విచారించే అధికారి, అందరినీ అడిగే ప్రశ్నే వీళ్లనూ అడిగాడు: "అడవిలో నీ ప్రియురాలి మీద ఎవడైనా పడితే ఏం చేస్తావు?"

"ముందు ప్రియురాలు దొరకాలి కదండీ," అన్నాడు ఏవాల్డ్, మళ్లీ కుర్చీలో కూలబడబోతూ. హాయో అతని భుజం పట్టి నిలబెట్టి, పుస్తకంలోంచి ఒక పేజీ గడగడా అప్పజెప్పాడు. తుపాకీకి బదులు ఇద్దరూ ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు మోశారు. తర్వాత ఏళ్ల తరబడి, ఆ రచయిత బొమ్మతో బిళ్ళ వెయ్యమని కలిసి తపాలా శాఖకు అర్జీలు పెట్టారు.

చివరికి బిళ్ళ వచ్చింది. హాయో కొత్త కోటు వేసుకుని మరీ తెచ్చి ఇచ్చాడు.

"ఇదిగోరా, మన ముసలాయన! ఇక నీ నాలుక బూజు దులుపుకో."

"ఆ కోటేంట్రా? మళ్లీ పెళ్లా?"

"మనవడు పటాలంలో చేరాడు. శనివారం టౌన్ హాలు ముందు ప్రమాణం. తాతల తరఫున నన్ను మాట్లాడమన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? రోజులు మారాయి. ఆహ్వానాలన్నిటికీ ఈ బిళ్ళే వేశాను, అందంగా ఉందని."

"మరి ఆ బెడ్‌పాన్లు మోసిందెందుకురా?"

"అబ్బ, ఇంకా ఆ కంపు వదల్లేదా నీకు? వచ్చెయ్. సాసేజీలుంటాయి, బీరుంటుంది. ముందు వరసలో నీకు కుర్చీ వేయించాను."

హాయో వెళ్లాక ఏవాల్డ్ బల్ల దగ్గరికి చేరాడు. ఆనాడు భుజం పట్టి నిలబెట్టినవాడు, ఈనాడు కుర్చీ వేయించానంటున్నాడు.

కార్డు తీసి రాశాడు: "రాను. శనివారమే కాదు, ఇకపై మన గురువారం పేకాటకు కూడా."

స్పాంజి గిన్నెను పక్కకు జరిపాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, నాలుక చాచి, బిళ్ళను వెనక్కి తిప్పాడు.

అది తడపనక్కర్లేని రకం. వెనక కాగితం ఒలిచి అంటించడమే.