గడీలో నేర్చిన బంతి

నేను బౌలింగ్ ఎక్కడ నేర్చుకున్నానని ఇప్పటికీ అడుగుతుంటారు. వెట్టిలో నేర్చుకున్నానంటే నవ్వుతారు. నవ్వండి, మీదేం పోయింది!

కేతేపల్లి దిక్కు మా ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు మాది. ఇంటికొకరు వంతు ప్రకారం దొర గడీలో ఊరకే చాకిరీ చేయాలి. ఒకడు నీళ్ళు మోస్తే ఇంకొకడు కట్టెలు కొట్టేవాడు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు దొర కొడుకు చిన్నదొర హైదరాబాదు కాలేజీ నుంచి సెలవులకొస్తూ బ్యాటూ ఎర్ర బంతీ తెచ్చాడు. ఆయనకు బంతులేయడం నా వంతుకు పడింది. గట్టిగా వేస్తే అయ్యగారి కాలికి తగులుతుందట, మెల్లగా వేయమన్నారు. మెల్లగా వేస్తే బాదేవాడు. బంతి పోయి తుమ్మకంపలో పడేది, తెచ్చేవాణ్ణీ నేనే. ఒళ్ళు మండి బంతిని మెలిపెట్టడం మొదలుపెట్టాను. ఉన్ని వడికిన వేళ్ళు నావి. నేలను తాకగానే బంతి పక్కకు తిరిగేది, బ్యాటు గాలిని కొట్టేది. అబ్బ, ఎంత కమ్మగా ఉండేదో!

ఒకనాడు అలా తిరిగిన బంతి పోయి మూడు కర్రల్లో నడిమిదాన్ని లేపేసింది. నేను ఎగిరి గంతేశాను. నా అంత బుద్ధితక్కువవాడు ఉంటాడా? చిన్నదొర బ్యాటు పారేసి లోపలికి పోయాడు. కాసేపటికి దొర మనుషులు వచ్చి, నన్ను కాదు, మా బాపును పట్టుకుపోయారు. గడీ ముందర ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు.

"నీ కొడుకుకు కండ్లు నెత్తికెక్కినయిరా," అన్నాడు దొర అరుగు మీద కూర్చుని.

మర్నాటి నుంచి నా బంతి బ్యాటును తప్పించుకునేది, కర్రలనూ తప్పించుకునేది. చిన్నదొర అవుటు కాడు, కొట్టనూ లేడు. నేను తీర్చుకున్న కసి అంతే. రెండు ఎండాకాలాలు అలాగే గడిచాయి.

నల్లగొండ నుంచి ఒక డ్రిల్లు మాస్టరు ఏదో పని మీద గడీకొచ్చి నా బంతిని చూశాడు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు. "జుమ్మానాడు, శుక్రారం, మైదానానికి రా. మా జట్టుల నిలిస్తే కచేరీల చప్రాసి నౌకరీ ఇప్పిస్త. సర్కారు నౌకరుని దొర ముట్టలేడు."

ఇంట్లో కన్న అవ్వకు కూడా చెప్పకుండా పానగల్ మీదుగా నల్లగొండకు నడిచిపోయాను. టపా ఆఫీసు గుమాస్తా ఒకాయన బ్యాటు పట్టుకుని ఎదుట నిలబడ్డాడు. మూడు ఓవర్లు వేశాను. ఆయన బ్యాటుకు ఒక్క బంతీ తగల్లేదు. కర్రలకూ తగల్లేదు.

"అరే, నీకేమైందిరా! కర్రలకెయ్యి!" మాస్టరు గొంతు చించుకున్నాడు. "గిట్ల తప్పిస్తె నిన్ను ఎవ్వడు తీసుకుంటడు? గిదే ఆఖరు ఓవరు."

వేయాలనే ఉంది. వేళ్ళు వింటేగా! ఐదు బంతులు అలాగే పోయాయి. ఇదీ పోతే మళ్ళీ ఆ గడీకే, ఆ పాడు వాకిటికే. ఎదుటి మనిషి కనబడకుండా కళ్ళు మూసుకున్నాను. థూ నీ బతుకు అని నన్ను నేనే తిట్టుకుని ఆరో బంతి వదిలాను. కర్రలు టకామని పడ్డాయి.

"శాబాష్! నౌకరీ ఖాయంరా నీకు!" అని అరుస్తూ మాస్టరు ఉరికొచ్చాడు.

నేను అప్పటికే గుమాస్తా కాళ్ళ దగ్గరున్నాను. చేతులు జోడించి, "తప్పైంది దొరా, బాంచెను! మా బాపునేమనకుండ్రి!" అంటున్నాను. మైదానమంతా పగలబడి నవ్వింది.

గుమాస్తా ఒక్కడే నవ్వలేదు. "నేనేం దొరనయ్యా, ఉత్తరాలకు ముద్రలు కొట్టేటోణ్ణి. లే," అన్నాడు.

నాకు వినబడుతూనే ఉంది. అయినా లేవలేకపోయాను. ఆ గడీ దొరను నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా. చివరికి మాస్టరే వంగి, జోడించిన నా చేతులను బలవంతంగా విడదీశాడు.