ఊడ్వక ముందు ఫొటో

మొన్న మంగళారం నాకైన పని వింటే మీరు చాయ్ కింద పెట్టి నవ్వుతరు. నవ్వుండ్రి. మండల్ మొత్తం నవ్వింది, మీ ముగ్గురు నవ్వితే నాకు కొత్తగ పొయ్యేదేముంది! ఊర్ల చెత్త ఎత్తిపియ్యాల్సిన పంచాయతీ సెక్రటరీని, నా చేతులతోని నేనే బజార్ల చెత్త పోసుకుంట దొరికిపోయిన.

మీకు తెల్వంది కాదు, మా నౌకరి అంత ఫోన్లనే. గోపాల్‌పేట దిక్కు నాకిచ్చిన ఊరికి పోయి రోజూ ఒక గల్లీ సాఫ్ చేపియ్యాలె. ఊడ్వక ముందు ఒక ఫొటో, ఊడ్సినంక ఒక ఫొటో. రెండూ యాప్‌లనే, అక్కడ్నే నిలబడి తియ్యాలె. నిన్నటి ఫొటో పెడదామంటే పట్టేస్తది, పక్క గల్లీది పెడదామంటే అదీ పట్టేస్తది. ఫొటోలు ఆలస్యమైతున్నయని నాకు అప్పటికే రెండు మెమోలు వచ్చినయ్. మూడోది వస్తే సస్పెండ్ చేస్తమని మండల్ ఆఫీస్ల మా సారు మొఖం మీదనే చెప్పిండు. ఇంట్ల ఇద్దరు పిల్లలు, బండి కిస్తీ, కొత్తగ కడుతున్న ఇల్లు. నాకు నిద్ర పడుతలేకుండె, నిజంగ!

మంగళారం పొద్దుగాల వనపర్తి నుంచి బయలెల్లిన. సగం తొవ్వల బండి చైన్ ఊడింది. రెండు చేతులు నల్లగ చేసుకొని అదెక్కిచ్చే వరకే ఫోన్ మోగింది. మా సారే!

"ఇయ్యాల జిల్లా నుంచి పెద్ద సారు మండలంల తిరుగుతుండు. పదింటి లోపల నీ రిపోర్ట్ పడకపోతే నన్నడగకు ఇగ!"

బండి ఉరికిచ్చిన. తొమ్మిదిన్నరకు బడి పక్క గల్లీకి పోయి చూస్తే ఏముంది? అద్దం లెక్క మెరుస్తుంది! ఒక్క కాయితం ముక్క లేదు. మా సఫాయి వర్కర్ మాసమ్మక్క చీపురు గోడకానిచ్చి, ట్రాక్టర్ పక్కన నీడకు కూసొని తంబాకు నలుపుతుంది.

"అక్కా, ఏంది గిట్ల చేసినవ్?" అన్న.

"ఏం చేసిన సారు? సాఫ్ చేసిన."

"అదే! నేను రాకముందే ఎందుకు చేసినవ్?"

"పల్లికాయ తెంపేటందుకు పోవాలె సారు. ఆరింటికే మొదలువెట్టి అయిపోగొట్టిన. మంచిగ లేదా?"

మంచిగుంది తల్లీ, అదే కదా నా కర్మ! ఉద్యోగంల చేరినప్పటి సంది సాఫ్‌గున్న గల్లీని చూసి ఏడుపొచ్చుడు గదే మొదటిసారి. గడియారం చూస్తే ఇరవై నిమిషాలున్నయ్. నా కన్ను ట్రాక్టర్ మీద పడ్డది. పొద్దుగాల ఎత్తిన చెత్తంత ట్రాలీలనే ఉంది, ఇంక డంపింగ్ యార్డ్‌కు పోలే.

"అక్కా, జర గా చెత్తల రెండు గంపలు తీసి కింద పొయ్యి. ఫొటో తీసి మల్ల ఎత్తుదాం."

మాసమ్మక్క నా దిక్కు చూసిన చూపు నేను చచ్చేదాంక మరువ. "జరం గిట్ల వచ్చిందా సారు? నేను ఊడ్సిన తాన నేనే పోస్తనా? నాతోని కాదు. కావాలంటే నువ్వే పోసుకో."

పోసుకున్న! అంగీ చేతులు మడిసి గంప పట్టిన. ఊకె పోస్తే అనుమానమొస్తదని జర తెలివి కూడ వాడిన. కొబ్బరి చిప్పలు మురికినీళ్ల మోరీ పక్కకు, పాల పాకిట్లు నడిమిట్ల, ఎండిన ఆకులు పైన చల్లినట్టు. దూరం నుంచి చూసి, ఒక చిప్పను జర పక్కకు జరిపిన కూడ. అరుగు మీద కూసున్న కుర్మయ్య తాత అంతా చూస్తుండు.

"సారూ, నా ఇంటి ముందట పొయ్యకుర్రి."

"రెండు నిమిషాలే తాతా!"

ఫొటో కొట్టిన. సూపర్ వచ్చింది. పంపితే తెర మీద ఆ సున్నా తిరుగుతనే ఉంది, తిరుగుతనే ఉంది. సిగ్నల్ లేదు! ఒక చేతుల ఫోన్ పైకి లేపి, ఇంకో చేతుల బోర్లేసిన గంపతోని గల్లీల అటూ ఇటూ ఉరుకుతున్న. పోయిందని టిక్కు వడ్డది. హమ్మయ్య అనుకొని ఎనుకకు తిరిగిన.

ఎనుక తెల్లకారు ఆగి ఉంది. పెద్ద సారు దిగి నిలబడి ఉండు.

"ఎవరు నువ్వు?"

"పంచాయతీ సెక్రటరీని సార్."

"ఏం చేస్తున్నవ్?"

మూడో మెమో కండ్ల ముందట కనవడ్డది. నేను నోరు తెరిచే లోపల కుర్మయ్య తాత నన్ను కాపాడుదామని అరుగు దిగి వచ్చిండు.

"మా సారు శాన మంచోడు సార్. పాపం, మాసమ్మ పొద్దుగాలనే సాఫ్ చేసి పెట్టింది. ఫొటోకు చెత్త లేదని, ఆమె పొయ్యనంటే సారే తన చేతులతోని మల్ల పోసుకుండు!"

నా బతుకుల అంత మంచి సాక్ష్యం ఎవ్వరూ చెప్పలే. పెద్ద సారు నా ఫోన్ తీసుకొని ఫొటో చూసిండు. చెత్తను చూసిండు. మాసమ్మక్క దిక్కు తిరిగి, "అమ్మా, ఆ చీపురు ఈయనకియ్యి" అన్నడు. నాకు చెప్పింది ఒక్కటే మాట: "రేపటి సంది ఆమె ఆరింటికొస్తే నువ్వు పావుతక్కువ ఆరింటికి ఉండాలె. ఇప్పుడు ఊడువు."

గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాంక ఊడ్సిన. మాసమ్మక్క ఎంబడే నడుసుకుంట ఒకటే చెప్పుడు: "మూలకు సారు, మూలకు! నడుము వంచు జర!" సారు ఎంబడి వచ్చిన మనిషి నా ఫొటో తీసి మండల్ వాట్సాప్ గ్రూప్ల పెట్టిండు. సంగతి తెల్వని ఎవరో దాని కింద 'స్వయంగా చీపురు పట్టిన ఆదర్శ కార్యదర్శి' అని రాసిండ్రు. ఇగ దండాలు, చప్పట్లు, పూలు! మాపటి వరకు అసలు సంగతి మండల్ అంత తెలిసింది, మా సారు కూడ పగలవడి నవ్వే బొమ్మ ఒకటి పెట్టిండు. మెమో మాత్రం రాలే.

పొద్దుగూకినంక ఇంటికి పోతే నా భార్య ఫోన్ పట్టుకొని గడపల నిలబడ్డది. ఫొటో ఆమె దాంక వచ్చిందన్నట్టు.

"పెండ్లయి ఎనిమిదేండ్లాయె. నీకు ఊడ్వొస్తదని ఊరోళ్లకు తెలిసినంక నాకు తెలుస్తుంది" అని చీపురు నా చేతుల పెట్టింది.

నౌకరిల మెమో తప్పింది గని, ఇంట్ల ఊడ్సుడు తప్పుతలేదు.