ఎడమ పక్క పావురం

ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని పావురాలు కుడుతుంటే, నమూనా కాగితం మీద నా గడి పదేపదే తప్పిపోయింది.

క్రాస్ స్టిచ్ అంటే గళ్ళ గుడ్డ మీద ఇంటూ గుర్తుల్లా కుట్టే పని. ఏ గడిలో ఏ రంగు దారమో చూపించే కాగితం పక్కన పెట్టుకోవాలి. ఒక్క గడి తప్పితే పిట్ట ముక్కు మెడలోకి దిగిపోతుంది. అందుకే కుట్టే వరస కింద స్కేలు పెట్టుకుంటాను, అయిపోయిన గడిని పెన్సిల్‌తో కొట్టేస్తాను. మల్కాపురంలో మా చర్చి ఆడవాళ్ళకి ఈ పని నేర్పింది నేనే. గడి తప్పడం నాకు పరువు తక్కువ.

ఆ రోజు స్కేలు ఉన్నచోటే ఉంది. పెన్సిల్ గీతలూ ఉన్నాయి. వరస మొదలు మాత్రం దొరకదు. ఎడమ చేతిలోంచి ఫ్రేము కూడా జారింది. చెమట అనుకున్నాను. కళ్ళజోడు మార్చాలి కాబోలు అనుకున్నాను.

మా ఆయన ఆనందరావు పోర్టులో క్రేన్ ఆపరేటరు. డ్యూటీ నుంచి వచ్చి గుడ్డ చూశారు. మా పెళ్ళయి పాతికేళ్ళవుతుందని ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకోవాలనుకున్నాం. గోడకు తగిలించడానికని ఎదురెదురుగా రెండు పావురాలున్న నమూనా నేనే ఏరి తెచ్చుకున్నాను.

"ఏటే, ఒక పిట్టనే కుడతన్నావు? రెండోదేది?"

"ఈ బొమ్మలో ఒకటే ఉందండి."

"రెండున్నాయి గదే! సరిగ్గా సూడు."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కాగితం ఆయన ముఖం ముందు పెట్టి, ఉన్న ఒక్క పావురాన్నీ వేలితో చూపించాను. వేళాకోళం అనుకుని నవ్వారు. అన్నాల దగ్గర ఆ నవ్వు పోయింది. కంచంలో కుడి సగం ఖాళీ చేసి, "నాకు సేపల పులుసు ఎయ్యలేదేటండీ" అని అడిగాను. పులుసు కంచంలో ఎడమ పక్కనే ఉంది.

"పొద్దున్నే కళ్ళ డాక్టరుకి సూపిద్దాం" అన్నారు. ఆ కళ్ళ డాక్టరు నన్ను పరీక్షించి, కళ్ళకేమీ కాలేదు, ఇక్కణ్ణించి తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళండి అన్నారు. అక్కడ సీటీ స్కాన్, ఆ తర్వాత ఎమ్మారై.

"మెదడులో కుడి పక్క స్ట్రోక్ వచ్చిందమ్మా" అన్నారు న్యూరాలజిస్టు. "నిన్న మొదలైన వెంటనే వచ్చుంటే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ చూసేవాళ్ళం. ఇప్పుడు టైం దాటిపోయింది."

గడియారం గీయమన్నారు. గీశాను. అంకెలన్నీ కుడి సగంలోనే కుక్కేశానట. నాకైతే చక్కగా కుదిరిందనిపించింది.

"దీన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటారు. కన్ను చూస్తుంది, మెదడు పట్టించుకోదు. ఎడమ పక్కంటూ ఒకటుందనే మీకు తోచదు."

వార్డులో నర్సుని అడిగాను, "మా ఆయన ఏరి? ఇంటికెళ్ళిపోయినారా?"

"నాను ఇక్కడే ఉన్నానే" అని గొంతు వినిపించింది. కుడి పక్కకి తిరిగి వెతికాను. ఎవరూ లేరు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ కుడికే తిరిగాను. ఆయన పొద్దుటి నుంచీ నా మంచానికి ఎడమ పక్కన కుర్చీలోనే ఉన్నారు. ఎడం అంటే దూరమని కూడా అంటాం కదా, చెయ్యి చాపితే అందే మనిషి నాకు అంత ఎడమైపోయారు. చివరికి మంచం చుట్టూ తిరిగి నా కుడి పక్కకి వచ్చి నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు భయమేసింది.

అప్పటినుంచీ పాపం, ఏం చెప్పాలన్నా చుట్టూ తిరిగి కుడి పక్కకే వచ్చేవారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఒంటరిగా వదలొద్దు, పొయ్యి దగ్గరికి పంపొద్దు అన్నారు. ఆయన సెలవు అయిపోయేలోగా నేను ఒక్కదాన్నీ ఇంట్లో ఉండగలగాలి. లేదంటే నన్ను కాకినాడలో మా అక్క దగ్గర దింపాలని అనుకున్నారు. అక్క మంచిదే. కానీ నా ఇల్లు, నా పొయ్యి, నా మనిషి ఇక్కడుంటే నేను అక్కడుండి ఏం చెయ్యను?

మద్దిలపాలెంలో ఆక్యుపేషనల్ థెరపీకి తీసుకెళ్ళేవారు, రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పుతారక్కడ. థెరపిస్టు చిన్నపిల్ల. నా కుట్టుపనే తెమ్మంది. నమూనా కాగితం ఎడమ అంచున నిలువునా ఎర్ర రిబ్బను అంటించింది.

"ఎర్రది కనబడేదాకా తల తిప్పండి మేడమ్. కనబడ్డాకే సూది."

పదిమందికి నేర్పినదాన్ని, నాకు రిబ్బన్లా! ఒళ్ళు మండింది. ఆమె ఎడ్డెమంటే నేను తెడ్డెమనేదాన్ని.

ఆ అమ్మాయి మా ఆయనకీ ఒక మాట చెప్పింది. "సార్, మీరు కుడి పక్కకి రాకండి. ఎడమ పక్కనే ఉండి పిలవండి. ఆవిడే మిమ్మల్ని వెతుక్కోవాలి."

"అలా ఎతుకుతంటే సూడ్లేకపోతన్నానమ్మా" అన్నారాయన.

ఒక ఆదివారం చర్చిలో పక్కనున్న రత్నంతో, "ఏటి వదినా, ఈవేళ మగోళ్ళు ఒక్కలూ రాలేదు?" అన్నాను. మా చర్చిలో మగవాళ్ళు కూర్చునేది ఎడమ పక్క. రత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాను.

తర్వాత కొంత తేరుకున్నాను. తేరుకున్నానన్న ధీమాతో ఒక రోజు, ఆయన బజారుకెళ్ళినప్పుడు, థెరపీకి ఒక్కదాన్నే బయల్దేరాను. మా ఊళ్ళో పేరుకి ఎడమ సగం పోతే స్టాపులన్నీ ఒకటే. బస్సు బోర్డు మీద "పాలెం" అని చదివి ఎక్కేశాను. అది కంచరపాలెం బస్సు. దిగాక ఎటు పోవాలో తెలియలేదు. ఒక టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఆయనకి ఫోన్ చేశాను. కాకినాడ ఖాయమనుకున్నాను.

స్కూటర్ ఆగిన చప్పుడైంది. "సుగుణా" అన్నారు.

కుడి పక్కకి చూశాను. లేరు. మళ్ళీ పిలిచారు. ఆయన రావడం లేదు, నిలబడ్డ చోటే నిలబడి పిలుస్తున్నారు. రిబ్బను గుర్తొచ్చింది. కనబడేదాకా తల తిప్పండి అంది కదా ఆ పిల్ల. టీ గ్లాసులు కనబడ్డాయి, స్కూటర్ చక్రం కనబడింది, ఇంకా తిప్పాను, ఆయన చెప్పు, ఆయన చొక్కా, ఆయన. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోకుండా నిలబడ్డారు.

"ఎతికీసినావే!" అన్నారు. తిట్టడం కూడా మర్చిపోయారు.

ఆ రోజు నుంచి రిబ్బనుతో పేచీ పెట్టుకోలేదు. ఎడమ చేతికి ఎర్ర గాజు, గ్యాస్ స్టవ్ ఎడమ అంచుకి ఎర్ర టేపు. ఎర్రది చూశాకే ఏ పనైనా. సెలవు అయిపోయే ముందు ఆయన చేతులు కట్టుకుని చూస్తుండగా రెండు పొయ్యిల మీదా వంట చేశాను. మర్నాడు ఆయన క్యారేజీ పట్టుకుని డ్యూటీకి వెళ్ళారు. కాకినాడ మాట మళ్ళీ రాలేదు.

ప్రార్థన నాటికి గుడ్డ మీద ఒక్క పావురమే ఉంది. అదే గోడకి తగిలించారు. రెండోదేదని అడిగినవాళ్ళకి, "డ్యూటీకెళ్నాది, వచ్చీస్తాది" అని చెప్పారు మా ఆయన. తర్వాత దాన్నీ కుట్టాను. రెక్క చివర ఒక వరస తక్కువొచ్చింది. విప్పుతానంటే ఆయన విప్పనివ్వలేదు.

ఇప్పుడు బీపీ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను. బాగా అలసిన సాయంత్రాలు ఎడమ పక్క మళ్ళీ జారిపోతుంది. అప్పుడు సూది పక్కన పెట్టేస్తాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఎడమ పక్క పోతే, వాళ్ళ డాక్టర్ని అడిగి, ఈ ఒక్క పని చెయ్యండి. జాలిపడి కుడి పక్కకి రాకండి. ఎడమ పక్కనే కూర్చుని పిలవండి. మొదట తప్పు దిక్కుకే చూస్తారు, మీకు గుండె తరుక్కుపోతుంది. అయినా వాళ్ళు తిరిగేదాకా అక్కడే ఉండండి.