అన్నీ మిద్దెలే వస్తాయంట

నంద్యాల స్టేషన్ పక్కనుండే మా వీధివాళ్లను ఈ రోజు మీటింగుకు పిలిచారు. స్టేషన్ దగ్గరే ఎక్కువమంది కాపురముండాలని, అందుకని ఇక్కడ అన్నీ మిద్దెలే వస్తాయని కోస్తా నుంచి వచ్చిన ప్లానింగు ఆఫీసరు చెప్పాడు. ఆయన మాటలో మిద్దె అంటే మూడంతస్తుల భవనం. మా మాటలో మట్టికప్పు ఇల్లు. అవి లేవాలంటే ఇవి కూలాలి.

పక్కింటి మార్తమ్మ ముఖం తేటపడింది. "మనదీ మిద్దేగదప్పా. ఇంగ యాడికీ పోయే పన్లేదు."

"అది కాదు పెద్దమ్మా," అన్నాను.

"ఏంది కాదు? సారే చెప్పె గదా."

సాయంత్రం ఆమె నిచ్చెనెక్కి, వానకు కారకుండా కప్పు మీద చౌడుమన్ను పోసుకుంది. కింద నుంచి గంపలు అందించింది నేనే. మీరైతే చెప్పేవాళ్లా?